నాలుగు చుక్కల దగ్గర ఆగిన సూది

నా రాతబల్ల మీద ఒక ఖాళీ ఇంజెక్షన్ సీసా ఉంటుంది. బొటనవేలంత సీసా. మెడ సన్నం, రబ్బరు బిరడా ఎండి పగుళ్లిచ్చింది. మొన్న లేబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పిల్లలు ముగ్గురు మా ఇంటికొచ్చి, "ఏంటి సార్ ఇది, ఎవరైనా ఇచ్చిన జ్ఞాపికా?" అని అడిగారు. జ్ఞాపికే. కాకపోతే శాలువా కప్పి ఇచ్చింది కాదు. చెప్పడం మొదలుపెట్టేలోగా వాళ్ల బస్సు టైమైపోయింది. ఈ కాలం పిల్లలకి బస్సుంటే కథ ఉండదు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

మాది విజయనగరం దగ్గర పల్లె. మా నాన్న కిరండూల్ లైన్లో గ్యాంగ్‌మన్. ఆ పట్టాలు పట్టుకునే నేనూ బస్తర్ ఎక్కాను. ఇనుప గనుల టౌన్‌షిప్పులో ఆసుపత్రి, అందులో నాకు లేబ్ ఉద్యోగం. ఎనభైల నాటి మాట. తెల్లకోటు అని పేరే గానీ రెండో ఉతుక్కే అది ఇటుక రంగుకి తిరిగేది. ఆ ఎర్రదుమ్ము అన్నంలో ఉండేది, పుస్తకంలో ఉండేది, మైక్రోస్కోపు అద్దం మీదా ఉండేది. పొద్దున్న డాక్టర్లతో హిందీ, ఓపీలో హల్బీ, గోండీ ముక్కలు, సాయంత్రం క్వార్టర్లకొస్తే మా ఉత్తరాంధ్ర మాట. నోరు మూడుసార్లు కడుక్కున్నట్టుండేది.

చర్మం ముక్కో గడ్డ ముక్కో కోస్తే దాన్ని పరీక్షించే ఏర్పాటు మా దగ్గర లేదు. ఫార్మలిన్ మందులో వేసి విశాఖ పాసింజరులో పెద్దాసుపత్రికి పంపాలి. రైల్వే ఇంటివాణ్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఎవరో ఒక గార్డు బాబాయి పట్టుకెళ్లి అందజేసేవాడు. వెడల్పు మూతి సీసాల కోసం స్టోరుకి ఎన్ని ఇండెంట్లు పెట్టినా వచ్చేవి కావు. నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. వాడేసిన ఇంజెక్షన్ సీసాలు ఉడకబెట్టి, వాటిలో ముక్కలు పెట్టి పంపడం. రబ్బరు బిరడా బిగుతుగా ఉంటుంది, అరకు సొరంగాల్లో రైలు ఎంత కుదిపినా చుక్క కారదు. మా సీనియర్ సర్జను, అందరం పెద్దాయన అనేవాళ్లం, నలుగురిలో నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుకి నేను ఆరు నెలలు ఉబ్బాను.

ఒక శీతాకాలం ఆమె వచ్చింది. గనిలో పర్మనెంటు మజ్దూర్. బాసగూడ అవతలి పల్లె, దోర్లా తెగ మనిషి, నలభై లోపు వయసు. తెలుగు మాట్లాడుతుంది గానీ మా తెలుగు కాదు, భద్రాచలం వైపు తెలుగు. అంతకుముందు వర్షాకాలంలో కన్వేయరు బెల్టు కింద తడి ఖనిజం పేరుకుపోతే ఆమె జట్టు చేత నాలుగు రోజులు ఏకబిగిన పారలతో ఎత్తించారు. తర్వాత వారానికి చేతులు వాచాయి. వాపు తగ్గింది గానీ మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు చేతులూ బిగుసుకుపోయాయి. ముట్టుకుంటే మనిషి చెయ్యిలా లేదు, రోకలిని పట్టుకున్నట్టుంది. మోచెయ్యి పూర్తిగా ముడుచుకోదు. ముద్ద నోటి దాకా పోదు.

"ఏంది సారూ ఇది, కొప్పు కట్టుకోనికి కూడా చెయ్యి పైకి పోతలేదు," అంది నాతో, రక్తం తీస్తుంటే. "పార పట్టకపోతే నన్ను పనిల ఉంచుతరా?"

ఉంచుతారో లేదో నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె జీతం మీద ఇద్దరు పిల్లలు తోంగ్‌పాల్‌లో హాస్టల్ చదువు చదువుతున్నారు.

అప్పుడు మెడికల్ ఓపీ చూసేది ఒక డాక్టరమ్మ. మరాఠీ ఆవిడ, కొత్తగా వచ్చింది, తక్కువ మాట్లాడుతుంది. ఆవిడ హిందీని ఇక్కడ తెలుగులోనే రాస్తాను. చేతుల మీద దూదితో రాసి స్పర్శ చూసింది, బాగానే ఉంది, కుష్ఠు కాదని తేల్చింది. పెద్దాయన చూసి, "రాతిదుమ్ము పీల్చేవాళ్లకి చర్మం రాయవుతుంది. దానికి మందు లేదు. అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపేద్దాం," అన్నారు. డాక్టరమ్మ ఆమె వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని మడిచి చూసింది. వేళ్లు మెత్తగా ఉన్నాయి. మొహం మెత్తగా ఉంది. "ఆ జబ్బయితే వేళ్లతోనే మొదలవ్వాలి సర్," అంది.

ఇక్కడ కాస్త చదువు చెప్పక తప్పదు. చర్మం గట్టిపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. పెద్దాయన అన్న జబ్బు వేళ్లని, మొహాన్ని పట్టి, తర్వాత లోపలి అవయవాలకి దిగుతుంది. ఆ రోజుల్లో దానికి నిజంగానే పెద్దగా మందు లేదు. ఇంకొకటుంది, చాలా అరుదు. అది చర్మాన్ని వదిలేసి, చర్మం కింద కొవ్వు, దాని కింద కండని చుట్టుకుని ఉండే తెల్లటి పొరని పడుతుంది. ఒక్కోసారి ఒళ్లు విరిగే చాకిరీ చేశాక మొదలవుతుందట. తొందరగా పట్టుకుంటే స్టెరాయిడ్ మాత్రలకి లొంగుతుంది. అయితే మొదటి జబ్బుని రెండోదనుకుని ఆ మాత్రలు పెద్ద మోతాదులో ఇస్తే కిడ్నీలు పోయే ప్రమాదముంది. అందుకని ఊహ చాలదు, రుజువు కావాలి. డాక్టరమ్మ ఈ రెండో జబ్బు గురించి ఏదో పత్రికలో ఒకటిన్నర పేజీ చదివింది. అంతకుమించి మా ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు.

రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా కనబడ్డాయి. గులాబీ రంగు గింజలు నింపుకున్న కణాలవి, అద్దం కింద చూస్తే దానిమ్మ ఒలిచినట్టుంటాయి. ఈ రెండో జబ్బుకి అదొక గుర్తు. కానీ బస్తర్‌లో ఎవరి రక్తంలో అవి ఎక్కువ లేవు? కడుపులో నులిపురుగులుంటే చాలు, పెరుగుతాయి. "పురుగుల మందు ఇవ్వండి," అన్నారు పెద్దాయన. నేనూ తలూపాను. తలూపడంలో నాది అందెవేసిన చెయ్యి.

చివరికి డాక్టరమ్మ చేతి మీద లోతుగా ఒక ముక్క కోసింది. స్టీలు గిన్నెలో పెట్టి నాకిచ్చి, "ఇవాళే రైలుకి పంపాలి," అని వార్డుకెళ్లిపోయింది. చూస్తే ముక్క పెద్దది. పైన చర్మం, కింద పసుపు కొవ్వు, అడుగున తెల్లటి దళసరి పేలిక. నా సీసా మెడలో దూరడం లేదు. పక్కనే కట్లు కట్టే డ్రెస్సర్ అన్న ఉన్నాడు, మా శ్రీకాకుళం వాడే, నాకు పెద్దన్న లెక్క.

"ఏటి తమ్ముడూ అంత ఆలోచన? ఆళ్లకి కావాల్సింది తోలు కదా. అడుగునున్న కొవ్వూ గివ్వూ తీసీ, సరిపోద్ది," అన్నాడు.

ఆయన మీద నెట్టడం లేదు. ఆయన అనకపోయినా నేను ఆ పనే చేసేవాణ్ని. కోడిని బాగుచేసినట్టు చక్కగా, ఓపికగా కత్తిరించాను. ఆ తెల్లటి పొర దగ్గర కత్తెర మొరాయించింది, కరకరమంది. కత్తెరకి పదును పెట్టించాలనుకున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు. పనికిరాని ముక్కల్ని బకెట్లో పడేసి, శుభ్రమైన చర్మాన్ని సీసాలో వేసి, బిరడా బిగించి, స్టేషనుకి పరుగెత్తాను. ఆ రోజు నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. చర్మం మామూలుగా ఉంది, జబ్బు లక్షణాలు లేవు.

పెద్దాయన ఆ కాయితం బల్ల మీద పెట్టి, "చర్మం మామూలుగా ఉంటే డ్యూటీకి రావాలి. రాలేనంటే అన్‌ఫిట్. నెలాఖరుకి మెడికల్ బోర్డు కూర్చుంటుంది," అన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాడు, కాయితాన్ని నమ్మే మనిషి. ఆ కాయితం తయారవడంలో నా చెయ్యి ఉందని ఆయనకి తెలియదు, నాకే తెలియదు. డాక్టరమ్మ రిపోర్టుని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకుంది. "బహుశా నేనే పొరబడ్డాను," అంది. ఆ మాట విని నాకు జాలేసింది, సిగ్గు మాత్రం వెయ్యలేదు. సిగ్గుకి ఇంకా నాలుగు రోజులు టైముంది.

నాలుగో రోజున బోర్డు కోసం మళ్లీ రక్తం తీయడానికి ఆమె వచ్చింది. సూది గుచ్చబోతూ చూస్తే మోచేతి కింద వరసగా నాలుగు నల్లచుక్కలు, ఇంకా పొక్కు కట్టి ఉన్నాయి.

"ఇదేంటి, ఈ చేతి మీద ఇప్పుడు పచ్చబొట్టేంటి? బుద్ధుందా? చీము పడితే?" అని కసిరాను.

"నొప్పికి పొడిపించుకున్న సారూ. మా దిక్కు కీళ్లు నొస్తే గోద్నా పొడుస్తరు. మీ మందుతోటి పోలే గద, ఇదన్న చూద్దామని," అంది. తర్వాత గొంతు తగ్గించి, "సంతల పొడిచే ముసలామె నాలుగు చుక్కలు పెట్టి ఆపేసింది. కూలికి అడ్డెడు బియ్యం పెట్టిన, అవి కూడా వాపసు ఇచ్చింది. 'ఇది నా సూదితోటి అయ్యేది గాదు' అన్నది," అని చెప్పింది.

అడ్డెడు బియ్యం వాపసు ఇచ్చిన వైద్యం నేనంతవరకూ వినలేదు. ఆ రోజు ఆదివారం, నాకు డ్యూటీ, ఊళ్లో సంత. ఆ పచ్చబొట్ల ముసలామె ఇంకా అక్కడే ఉంటుందట. ఎందుకెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. కొంత కుతూహలం, కొంత చీవాట్లు పెడదామని. గంట పర్మిషన్ తీసుకుని ఆమె వెంట నడిచాను.

ఉప్పు బస్తాల పక్కన గోనె పరుచుకుని ముసలామె కూర్చుని ఉంది. ముందు మసి గిన్నె, దారంతో కట్టిన మూడు సూదులు. నేను హల్బీలో అడిగాను, ఎందుకు ఆపావని. ముసలామె నా చెయ్యి లాక్కుంది. సూది పొడవకుండా, బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోయింది. తర్వాత మా పేషంటు చెయ్యి తీసుకుని అలాగే నొక్కింది. ఆ తర్వాత హల్బీలో గబగబా ఏదో చెప్పింది. సగమే నాకందింది. మిగతా సగం మా పేషంటు తెలుగులో చెప్పింది.

"పైన తోలు మంచిగనే ఉన్నదంట సారూ. సూది ఇంత దూరం పోతదంట. దాని కింద మెత్తగ ఉన్నదంట. ఇంకా కిందికి ఒత్తితే ఆడ చెక్క తగుల్తాందంట. రోగం తోలుది గాదు, తోలు కింద తోలున్నది, దానిది అంటాంది."

తోలు కింద తోలు. డాక్టరమ్మ ఒకటిన్నర పేజీ చదివి, నెల రోజులు తల పట్టుకుని చెప్పలేకపోయిన మాటని ఆ ముసలామె బొటనవేలితో చెప్పేసింది. ఎన్ని వేల చేతుల మీద సూది దించి ఉంటుందో ఆమె. ఏ లోతులో ఏముంటుందో ఆ వేళ్లకి తెలుసు. నేను చదివిన పుస్తకాల్లో చర్మానికి బొమ్మ ఉండేది, పొరలకి పేర్లుండేవి. ఆమెకి పేర్లు తెలియవు, పొరలు తెలుసు. ఆ గోనె ముందు నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

పెట్టేలోపే ఇంకొకటి గుర్తొచ్చింది. నా కత్తెర మొరాయించిన చోటు, ఆ కరకర. ఆమె చెప్పిన చెక్క అదే. నేను దాన్ని చేత్తో పట్టుకున్నాను, కోశాను, బకెట్లో పారేశాను. జబ్బుని తీసి పారేసి, జబ్బు లేని చర్మాన్ని విశాఖ పంపి, జబ్బు లేదని రాయించుకున్నాను.

సంత నుంచి ఆసుపత్రి దాకా దారంతా అబద్ధాలు వెతికాను. ఉద్యోగం కొత్తకాదు గానీ ప్రమోషన్ ఫైలు కదులుతోంది. చెప్పకుండా మళ్లీ ఒక ముక్క కోద్దామని అంటే సరిపోతుందిగా అనిపించింది. కానీ ఒకసారి మామూలుగా ఉందన్నాక మళ్లీ కోయడానికి పెద్దాయన ఎందుకు ఒప్పుకుంటారు? కారణం కావాలి. ఆ కారణం నేనే.

డాక్టరమ్మ గదిలోకి వెళ్లి నిలబడే చెప్పాను. సీసా, మెడ, కత్తెర, బకెట్. తర్వాత ముసలామె మాట. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. లేచి, "ఆమెని పిలవండి," అంది.

పేషంటు వచ్చాక చేతులు పైకెత్తమంది. ఎత్తగలిగినంత ఎత్తింది. అప్పుడు చూశాం. మామూలుగా చెయ్యి ఎత్తితే నరం లోపలి రక్తం దిగి పైన నున్నగా ఉంటుంది. ఆమె చేతి మీద నరం ఉన్న దారంతా లోపలికి కుంగిపోయింది, నాగలి చాలు తీసినట్టు, మోచేతి నుంచి మణికట్టు దాకా. కిందనున్న పొర బిగుసుకుని నరాన్ని లోపలికి లాగిపెట్టుకుంది. చెయ్యి దించగానే మాయమైంది. మళ్లీ ఎత్తితే మళ్లీ పడింది. నెల రోజులుగా ఆ చెయ్యి మా ముందు బల్ల మీదే ఉంది, ఎవరం ఎత్తించలేదు. ముగ్గురం ఆ గాడిని చూస్తూ ఉండిపోయాం. మనిషి ఒంట్లో ఇంత పని ఇంత చాటుగా జరుగుతుందా అని నాకు భయంలాంటి ఆశ్చర్యం వేసింది.

"మళ్లీ కోయాలి," అంది డాక్టరమ్మ. "ఎందుకో ఆమెకి మీరే చెప్పండి. చెయ్యి ఆమెది."

చెప్పాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన వాక్యం ఇంకోటి మాట్లాడలేదు.

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. "ఏంది, నా ఒంట్లది కోసి చెత్త బకెట్ల ఏసినవా?" అంది. కోసినందుకు కాదు, బకెట్లో వేసినందుకు కోపం. "మా తాన పిల్లగాడి బొడ్డు ఊడితే కూడా మట్టిల పెడతం. మనిషి ముక్క గద సారూ అది." చెయ్యి వెనక్కి తీసుకుని, "ఈసారి కోస్తే మిగిలింది నాకు తెచ్చియ్యాలె. తెస్తనంటేనే చెయ్యి ఇస్త," అంది. తెస్తానన్నాను.

పెద్దాయనకి డాక్టరమ్మే చెప్పింది. ఆయన నన్ను పిలిచి, "ఆ సీసాల ఐడియాని మెచ్చుకున్నది నేనే కదా," అన్నారు. అంతే. బోర్డుని పదిహేను రోజులు వాయిదా వేశారు.

రెండోసారి కోసిన ముక్క నిలువునా కండ దాకా వచ్చింది. మా ఆవిడ మాగాయ సీసా ఖాళీ చేసి, మూడుసార్లు ఉడకబెట్టి తెచ్చాను. ముక్క అందులో హాయిగా పడుకుంది. ఈసారి గార్డు బాబాయికి ఇవ్వలేదు. సెలవు పెట్టి నేనే ఒళ్లో పెట్టుకుని పాసింజరు ఎక్కాను. చుట్టుపక్కల వాళ్లు పచ్చడి అనుకున్నారు, ఒకాయన అరకులో రొట్టె విప్పుతూ ఆశగా చూశాడు కూడా.

విశాఖలో ప్రొఫెసరు గారు పెద్ద వయసాయన. నా కథ విని నవ్వలేదు. ముక్కని మైనంలో పెట్టి, కోసి, రంగు వేసేదాకా మూడు రోజులు మా పిన్ని ఇంట్లో ఉన్నాను. నాలుగో రోజు ఆయన కుర్చీ జరిపి, "చూడు నాయనా," అన్నారు.

కన్ను ఆనించాను. పైన చర్మం, ప్రశాంతంగా, ఏ పాపం ఎరగనట్టు. దాని కింద కొవ్వు. ఆయన స్లైడుని మెల్లగా కిందికి జరుపుతున్నారు. ఒక్కసారిగా ఆ పొర వచ్చింది. కాయితమంత పల్చగా ఉండాల్సింది దళసరిగా, ఉబ్బి, గులాబీ గింజల కణాలతో కిక్కిరిసి ఉంది. నేను రోజూ రక్తంలో లెక్కపెట్టి పురుగులని రాసిన కణాలే. ఇల్లు ఇక్కడ పెట్టుకున్నాయి. చర్మానికీ దీనికీ మధ్య దూరం ఒక గోరు మందం ఉంటుందేమో. ఆ గోరు మందంలో ఒక మనిషి బతుకు ఉంది, దాన్ని ఒక ముసలామె మసి పూసిన వేలితో తాకింది. నాకు కళ్లు మసకబారి ఏమీ కనబడలేదు. ప్రొఫెసరు గారు ఫోకస్ సరిచేయబోయి, విషయం అర్థమై చెయ్యి తీసేశారు.

పరీక్షకి కావలసింది ఉంచుకుని, నేనడిగిన మీదట మిగిలిన ముక్కని ఆయన అదే సీసాలో తిరిగి ఇచ్చారు. ఎందుకని అడగలేదు.

మాత్రలు మొదలయ్యాయి. అన్‌ఫిట్ కాయితం ఆగింది, చేతులు సర్దుకునేదాకా ఆమెని టోకెన్లిచ్చే గదిలో కూర్చోబెట్టారు. మొదటి నెల ఏమీ లేదు, మొహం మాత్రం ఉబ్బింది. "చేతులేమో కట్టె, మొగమేమో పూరీ," అని ఆమే నవ్వింది. రెండో నెల దాటాక ఒకరోజు లేబ్ గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టి కొప్పు విప్పి మళ్లీ కట్టుకుంది. నేను చేస్తున్న కౌంటు తప్పింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాను.

మిగిలిన ముక్కని ఆమె క్వార్టరు వెనక మట్టిలో పెట్టింది. నన్నూ రమ్మంది. "మొదటిది?" అని అడిగింది. ఆసుపత్రి వెనక చెత్త కాల్చే గుంట చూపించాను. ఆ గుంటలోంచి గుప్పెడు ఎర్రమన్ను తెచ్చి దీనితో కలిపి కప్పింది. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను.

డాక్టరమ్మ నా మీద ఎక్కడా ఏమీ రాయలేదు. ట్రాన్స్‌ఫరై వెళ్తూ ఈ ఇంజెక్షన్ సీసా నా బల్ల మీద పెట్టి వెళ్లింది. స్టోరుకి వెడల్పు మూతి సీసాల ఇండెంటు మాత్రం, సీసాలు వచ్చేదాకా, నెలనెలా నేనే పెట్టాను.

ఏడాది తర్వాత ఒక ఆదివారం ఆమె నన్ను సంతకి తీసుకెళ్లింది. అదే గోనె, అదే మసి గిన్నె. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కింది, పైన, ఇంకా కిందికి, ఇంకా కిందికి. తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. ఆ తర్వాత సూది తీసుకుని నాలుగో చుక్క పక్కన ఐదోది పెట్టింది. సూది దిగింది.

మోచేతి కింద రెండు మచ్చలు కనబడి, ఇవేంటని ముసలామె సైగ చేసింది. మా పేషంటు మొదటి మచ్చ చూపించి, "ఇది డాక్టరమ్మ కోసింది," అంది. రెండోదాని మీద వేలు పెట్టి, "ఇది ఈ సారు కోయించిండు," అంది. ముసలామె నన్ను ఎగాదిగా చూసి, పళ్లు లేని నోటితో నవ్వి, చుక్కల వరసని వంపు తిప్పి ఆ రెండో మచ్చ చుట్టూ పెట్టుకుంటూ పోయింది. ఒక్కో చుక్కకీ సూది లోపలికి దిగుతుంటే, నేను ఉప్పు బస్తాకి ఆనుకుని తలొంచుకుని చూస్తూ కూర్చున్నాను.